యాకూబ్ చెయ్యి

"ఓడ జాబితల యాకయ్య అన్న పేరే లేదు" అని సుదర్శన్ సారు ఫోన్ల చెప్పినకాడికెల్లి ఓడల వంట చేసొచ్చిన మా ఇంటాయన యాకయ్య బువ్వ ముట్టలేదు. గోడదిక్కు మొకం పెట్టి పండుకున్నడు.

మానుకోటల యుద్ధానికి పోయొచ్చినోళ్ల పేర్లతోటి రాయి నిలబెడుతున్నరు. చూసుకునేది సుదర్శన్ సారు. చెక్కేది జనగామ ఎల్లేశ్. మర్నాడు మూడు గంటలకు చెక్కుడు మొదలు, అంతలోపల రుజువు సూపియ్యకుంటె పేరు తీసేస్తమన్నరు. కేసముద్రంల అప్పుడే గుసగుసలు: "యాభై ఏండ్లు ఓడ కతలు చెప్పి అందరిని నమ్మిచ్చిండు ముసలోడు."

రుజువంటె ఏడికెల్లి తేవాలె? కాయితాలన్ని పాత ఇంట్ల చెదలు తినె.

మనుమరాలు వర్ష భూపాలపల్లిల కొలువు చేస్తది. రజా పెట్టి ఉరికొచ్చింది. ఎవలెవలినో అడిగి ఆ ఓడ చరిత్ర ఫోన్లకు తెప్పిచ్చింది. గంగామిత్ర దాని పేరు. ఫిరంగులు పేల్చే ఓడ కాదు. పేల్చే ఓడలకు డీజిల్, మందుగుండు, బియ్యం, మంచినీళ్లు మోసేది. ఏ రేవుల ఎన్ని దినాలున్నదో అన్ని రాసిండ్రు.

రెండున్నర అయింది. వర్ష చదువుతనే ఉన్నది.

"డెబ్బయి ఒకటి, డిసెంబర్, తెల్లారంగ. రెండు ఓడలు పక్కపక్కన నడుసుకుంట డీజిల్ పట్టిస్తున్నయట. శత్రువు విమానం కనవడ్డదట. డీజిల్ గొట్టం ఊడదీసేదాక ఓడల నడుమ తాడు ఇడువకుండ పట్టుకున్నోడు, వంటోడు... యాకూబ్. కుడి అరచెయ్యి తోలు లేచిపోయింది."

"గా ముచ్చట తాతదే గదనే!" అని అరిచిన.

"యాకూబ్ అని ఉన్నది అవ్వా."

నాకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చినయి. మా అత్తకు పిల్లలు నిలువకుంటె అన్నారం దర్గల యాకూబ్ బాబాకు మొక్కింది. కొడుకు పుట్టంగనే ఆ పేరే యాకయ్య అని పెట్టుకున్నది. మా దిక్కు వాడకొక యాకయ్య ఉంటడు.

మంచంల మనిషి గోడదిక్కే మాట్లాడిండు: "కొలువుల చేరంగ పేరు రాసేటాయన గిదేం పేరని అడిగిండు. మా యాకూబ్ బాబా పేరని చెప్పిన. ఇంగిలీషుల ఏం రాసిండో నాకేం ఎరుక? ఓడల అందరు యాకూబ్ అంటె, ముద్దుకు పిలుస్తున్నరనుకున్న."

సారుకు ఫోన్ కొట్టినం.

"ఆ యాకూబ్ ఇంకెవలో కావచ్చు గదా అవ్వా."

"చెయ్యి చూడు సారు!"

ఈయన పిడికిలి ఇప్పడు. అబద్ధాలోడన్నోళ్లకు నా చెయ్యి సూపియ్యనని మొండికేసిండు. మూడుకు పావు తక్కువ.

"నేనేం చెప్పి తిరగాలె ఊర్లె? అలిగి అటుకెక్కిన పోరన్ని దింపినట్టు బతిలాడాల్నా నిన్ను? ఇప్పు!"

ఒక్కొక్క ఏలు ఇప్పిండు. అరచేతుల అడ్డంగ తాడంత మచ్చ. వర్ష ఫోటో తీసి పంపింది.

గడియారం చూసుకుంట కూసున్నం. అయిదు నిమిషాలకు ఫోన్ మోగింది.

"తప్పయింది యాకయ్యన్నా. ఎల్లేశ్ అడుగుతున్నడు, రాయి మీద ఒక్క పేరుకే జాగ ఉన్నది. యాకూబా, యాకయ్యా?"

ఈయన లేచి కూసున్నడు.

"యాకూబ్ ఓడ పుస్తకంల ఉండనే ఉన్నడు. రాయి మీద నన్ను కన్న మా అవ్వ పిలిచిన పేరు కొట్టుమను."

ఫోన్ పెట్టి నాదిక్కు చూసిండు.

"పచ్చిపులుసు ఉన్నదానే?"