రెండు కొట్ల మధ్య తలుపు

ఫోన్ పెట్టేసి కొత్తకోడలు ఒక్క గంతు వేసింది. గ్రంథాలయం వాళ్లు! చదువుకునే గదిలో కుర్చీలన్నింటికీ పేము కొత్తగా అల్లాలట.

"అక్కా, ఆర్డరొచ్చింది!" అని అరుస్తూ తాళాల కొట్లోంచి మధ్య తలుపు దాటి పేము కొట్లోకి పరిగెత్తింది. తోడికోడలు తడి పేము పక్కన పడేసి, మోచేత్తో కళ్లు తుడుచుకుని నవ్వింది. భర్త పోయాక ఆమె అలా నవ్వడం అదే మొదలు.

ఆ తలుపు పెట్టింది వాళ్ల భర్తలైన అన్నదమ్ములే. పేము కొట్లో అన్న, తాళాల కొట్లో తమ్ముడు. పని చేసుకుంటూనే కబుర్లాడుకోవచ్చని గోడ పగలగొట్టుకున్నారు. కొలత తప్పి గుమ్మం పొట్టిదైంది. తమ్ముడు రోజుకోసారైనా తల తగిలించుకుని "అన్నయ్యా!" అని గుమ్మాన్ని తిట్టేవాడు. అది వింటే కొత్తకోడలికి నవ్వాగేది కాదు. పెళ్లయ్యాక భర్త నోట ఆమె విన్న ముద్దుమాటల్లో సగం ఆ గుమ్మంలోంచి వచ్చినవే.

సాయంత్రం లెక్కలు చూసే పెద్దాయన వచ్చి ఆ సంబరం మీద నీళ్లు చల్లాడు.

"పేము కొట్టు ఎవరి పేరున ఉంది?"

"అన్నయ్య పోయాక నా పేరున పెట్టించా. వదిన అప్పుడు సంతకం పెట్టే స్థితిలో లేదు."

"అదే చిక్కు. వ్యాట్ పన్ను వాళ్లు కొట్టును కాదు, మనిషిని చూస్తారు. రెండు కొట్ల అమ్మకాలూ నీ లెక్కే. ఈ ఆర్డరుతో పన్నెండు నెలల అమ్మకాలకు పెట్టిన పరిమితి దాటిపోతావ్. రిజిస్టర్ చేయించుకుని తాళంచెవి మీద కూడా పన్ను వెయ్యాలి."

"పక్క వీధివాడు వెయ్యడుగా! ఇక నా మొహం ఎవరు చూస్తారు?"

"కొట్టు మీ వదినదే అయితే ఇద్దరూ పరిమితి లోపలే ఉంటారు. కానీ పేరు ఆవిడది, పెత్తనం నీది అంటే కుదరదు. ఖాతా, బేరం, గల్లా, చోటు, అన్నీ నిజంగానే వేరవ్వాలి."

"అయితే ఆర్డరే వద్దు," అన్నాడు తమ్ముడు.

పొద్దున వేసిన గంతు గుర్తొచ్చి కొత్తకోడలు తల దించుకుంది.

"వదలొద్దు బాబూ," అంది తోడికోడలు. "ఆ కుర్చీలు అల్లితేనే నా కాళ్ల మీద నేను నిలబడేది. ఎన్నాళ్లని నీ చాటున ఉంటాను?"

"మేమేం తక్కువ చేశాం వదినా?"

"తక్కువ చెయ్యలేదనేగా ఈ బాధ."

ఆమె లేచి గుమ్మాన్ని నిమిరింది. ఉలి జారి భర్త చేసిన గాటు దగ్గర వేళ్లు ఆగిపోయాయి. తమ్ముడు ఆమె దగ్గరికి రాబోయాడు. తల ఠంగున తగిలింది. ఎవరూ నవ్వలేదు.

"తలుపు మూసుకుంటే చాలదా అక్కా?" అని కొత్తకోడలు అడిగింది.

"తలుపంటూ ఉంటే రోజూ తట్టాలనిపిస్తుందే చెల్లీ." తోడికోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది. "రేపు పొద్దున మీరిద్దరూ నాతో రండి. ఆఫీసుకెళ్లి కొట్టు నా పేరున రాయించుకుందాం. వచ్చేటప్పుడు మేస్త్రీని పిలుచుకొచ్చి ఇక్కడ గోడ కట్టించేద్దాం."