మునగని మనిషి

నెత్తురంటిన దుప్పటిని వేడినీళ్లలో వేస్తే ఆ మరక ఇక జన్మలో వదలదు. అందుకే సబ్బక్క ఆపరేషన్ గది నుంచి వచ్చిన మూటను ముందుగా విప్పి, దుప్పట్లను ఒక్కొక్కటే చన్నీళ్ల తొట్టిలోకి దింపుతోంది. ఆ పేరు ఆసుపత్రి నర్సులు పెట్టింది. ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే పక్కవాళ్లని అనుకుని తల తిప్పదు కూడా. ఉతుకు గదిలో ఆవిరికి గోడలు చెమటలు కక్కుతున్నాయి. ఆమె వేళ్ల చివర్లు ఎప్పుడో నానిపోయి, ముడతలు పడి, ఎవరో ముసలమ్మ వేళ్లని అరువు తెచ్చుకున్నట్టున్నాయి.

చేతులు దుప్పట్లలో ఉన్నా మనసు ఇంట్లో మంచం దగ్గరే ఉంది. పొద్దున్నే భర్త మెడ మీద గాజుగుడ్డ మార్చి వచ్చింది. మెడ మధ్యలో బొత్తామంత రంధ్రం. ఊపిరి ముక్కుతో కాక దానితోనే. గాలి ఆడినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టుంటుంది.

ఒకప్పుడు ఆ గొంతు బస్టాండంతా వినబడేది. ఊళ్ల పేర్లు అరిచి జనాన్ని బస్సులెక్కించడం ఆయన పని. ఇంట్లో ఉప్పు అడిగినా వీధి చివర కుక్కలు లేచి కూర్చునేవి. ఆదివారం ఆమె వెనకాలే ప్రార్థనకు వచ్చి ఆఖరి బల్ల మీద కూర్చునేవాడు. పాట అందరికంటే గట్టిగా పాడేవాడు. బాప్తిస్మం మాటెత్తితే మాత్రం నసిగేవాడు.

"ఈ సిగరెట్టు మానేసి వస్తానండి పాస్టరుగారూ. ఈ కంపు నోటితో దేవుడి నీళ్లలోకి దిగమంటారా? వచ్చే ఆదివారం చూద్దాం."

ఆ ఆదివారం రాకుండానే ఏళ్లు గడిచాయి. చివరికి సిగరెట్టు మానిపించింది డాక్టర్లు. జబ్బు ముదిరిన గొంతును కోసి తీసేశారు. అప్పుడు పట్టుకుంది ఆయనకి, మునగాలని. ఆ సంఘంలో మనిషి నిలువునా మునిగితేనే బాప్తిస్మం. డాక్టరు ఒప్పుకోలేదు. మెడదాకా నీళ్లొస్తే తిన్నగా ఊపిరితిత్తుల్లోకే అన్నాడు.

మధ్యాహ్నం రోగుల కోసం ప్రార్థించడానికి పాస్టరు వచ్చాడు. సబ్బక్క చేతులు చీరకి తుడుచుకుంటూ మెట్ల దగ్గర ఆయన్ని ఆపింది.

"అయ్యగారూ, మునగలేని మనిషి గతేంటి?"

"ప్రభువు పక్కన సిలువెక్కిన దొంగకి ఎవరిచ్చారమ్మా బాప్తిస్మం? ప్రభువు ఆ రోజే తనతో పరలోకానికి తీసుకుపోయాడు కదా."

"ఆ మాట మా వదినతో చెప్పండి. నీళ్లలో మునగనివాడికి ఆ తలుపు తెరవరని పొద్దస్తమానం ఆయన చెవిలో పోరుతోంది."

"ఆవిడ సొంతంగా కల్పించింది కాదమ్మా. వాక్యంలో అదీ ఉంది." ఆయన గొంతు తగ్గింది. "దొంగకి సిలువ దిగి నీళ్లలోకి వెళ్లే వీల్లేదు, ఈయనకి ఇన్నేళ్లూ ఉండింది కదా అంటున్నారు సంఘ పెద్దలు. బాప్తిస్మం లేనివాడికి సమాధుల తోటలో చోటెలా ఇస్తామని కూడా గొణుగుతున్నారు. ఆదివారం దాకా ఆగు. వాళ్లని ఎలాగో ఒప్పించి నేనే తల మీద నీళ్లు పోస్తాను."

"మరి మీరేమనుకుంటున్నారు?"

"తెలుసంటే అబద్ధమవుతుందమ్మా," అని ఆయన మెట్లెక్కి వెళ్లిపోయాడు.

పని దిగి ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. టైర్ల కొట్టు వెనక ఒక్క గది. మంచం పక్కన ముక్కాలి పీట మీద వదిన కూర్చుని ఉంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. ఆమె పెదవులు ప్రార్థనలో కదులుతూనే ఉన్నాయి.

"ఊరికే వాణ్ణి భయపెట్టకు వదినా."

"వాణ్ణా? భయం నాదే. రేపు నేనక్కడికి పోయాక వీడు కనబడకపోతే ఎవరినని అడగనే?" అంది వదిన.

సబ్బక్క మంచం మీద కూర్చుని పాస్టరు మాట ఆయనకి చెప్పింది. ఆదివారం అనగానే ఆయన తల అడ్డంగా ఊపాడు. నానిన ఆమె చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. 'నువ్వు.'

"నేనా? బట్టలుతికేదాన్ని, నాకేం అధికారం? ఆదివారం ఎంతలో వస్తుంది?"

ఆయన నవ్వాడు. ఆ మాట ఎన్నేళ్లు ఎవరన్నారో ఇద్దరికీ గుర్తుంది. ఆమెకి మాత్రం నవ్వు రాలేదు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని పాలు వెచ్చబెట్టడానికి లేచింది.

పాలు పొంగే చప్పుడులో మొదట తెలియలేదు. స్టవ్వు ఆపాక తెలిసింది, గదిలో ఈల లేదని. వదిన కళ్లు మూసుకుని ఇంకా ప్రార్థిస్తూనే ఉంది.

ఏడుపు తరవాత వచ్చింది. ముందు ఒళ్లు తుడవాలి. ఆమెకి తెలిసిన పని అదే. వేడినీళ్లలో చన్నీళ్లు కలిపి, చేత్తో చూసుకుని, కాళ్ల నుంచి తుడుచుకుంటూ తలదాకా వచ్చి ఆగిపోయింది. వదిన వైపు చూసింది. వదిన వద్దనలేదు. లేచి వచ్చి, తమ్ముడి మెడ మీద రంధ్రాన్ని అరచేత్తో గట్టిగా మూసింది.

"మెల్లగా పొయ్యి. నీళ్లు లోపలికి పోతాయే."

సబ్బక్క మగ్గుతో తల మీద నీళ్లు పోసింది. తండ్రి పేర, కుమారుడి పేర, పరిశుద్ధాత్మ పేర. ఆఖరి మాట వదినే అందుకుంది.

కబురందుకుని పాస్టరు వచ్చేసరికి జుట్టు ఇంకా తడిగానే ఉంది. దిండు మీద చెమ్మ చూశాడు. ఇద్దరు ఆడవాళ్లనీ చూశాడు.

"ఎప్పుడు పోశారు? ప్రాణం పోకముందా?"

సబ్బక్క తల వంచుకుంది.

"తడిసింది కదయ్యా," అంది వదిన.

ఆయన సమాధుల తోటలో గొయ్యి తవ్వమని తానే మనిషిని పంపాడు. పెద్దలకి ఏం చెప్పాడో ఎవరికీ తెలియదు.

మర్నాడు అందరూ తోట నుంచి తిరిగొచ్చేసరికి మంచం ఎవరో గోడకి నిలబెట్టారు. కిటికీ గట్టు మీద పిడి విరిగిన ప్లాస్టిక్ మగ్గు, అడుగున గుక్కెడు నీళ్లతో అలాగే ఉంది. వాటిని ఎవరూ పారబొయ్యలేదు.