ముద్ద అన్న మాట

పప్పన్నంలో నెయ్యి చాలలేదని రత్నాకర్ కంచం ముందుకు తోశాడు. అరుంధతి నెయ్యి వేసింది. ఆయన తిని, అత్తగారు ప్రమీలమ్మ తిన్నాక గిన్నెలో ఏది మిగిలితే అదే ఆమె వంతు. తార్నాకలోని ఆ ఇంట్లో ఆమెను కూర్చుని భోంచెయ్యమని ఎవరూ అనరు. "నువ్వూ రెండు ముద్దలు తినేసి గిన్నెలు తోమెయ్" అంటారు.

ముద్ద అంటే ఏమిటో ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు? యూనివర్సిటీలో తయారవుతున్న వాడుకమాటల నిఘంటువుకు రత్నాకర్ సంపాదకుడు. మాటలు ఏరుకొచ్చేది మాత్రం ఆమె. లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి అడిక్‌మెట్ మెస్సుల దాకా నాలుగేళ్ళు తిరిగి, ఒక్కో వాడుకను ఒక్కో కార్డు మీద ఎక్కించింది. మాట్లాడినవారి పేరు, ఊరు, తేదీ, అడుగున సేకరించినవారి పేరు. ఆ అడుగున ప్రతిసారీ ఆయన పేరే రాసింది. జీతం కూడా లేదు. "ఇంట్లో మనిషివి, నీకు వేరే పేరెందుకు?" అన్నాడు మొదట్లో. అదేదో ప్రేమ అనుకుని మురిసిపోయింది, వెర్రిమొహం.

ఒక్క ముద్దకే నలభై కార్డులొచ్చాయి. నోట్లో పట్టేంతగా వేళ్ళతో కలిపి తీసుకున్న అన్నం. పసివాళ్ళకైతే గోరుముద్ద. దుఃఖంలో ముద్ద దిగదు. ఒకరి నోటి దగ్గరి ముద్దను ఇంకొకరు లాక్కుంటారు. నిఘంటువు ఆఫీసులో పనిచేసే స్వరూప ఆ కట్ట చూసి బాధపడింది. "ఇంత చేసిండ్రు గద మేడం, మీ పేరేది? ముందుమాట ప్రూఫ్ చూసిన, అండ్ల గూడ లేదు."

ఆ సాయంత్రం ముందుమాటలో తన గురించి ఒక్క వాక్యం రాయమని అరుంధతి అడిగింది. తల్లి వింటుండగానే రత్నాకర్ నవ్వాడు.

"నేను పెట్టే ముద్ద తింటూ నా పుస్తకానికే ఎసరు పెడతావా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ బియ్యం కడిగిందెవరు, వార్చిందెవరు, ఆయన చెయ్యి కడుక్కునేదాకా పక్కనే నిలబడిందెవరు? ఏడవాలనిపించలేదు. వంటగది గట్టు మీద ఇంకో కార్డు రాసుకుంది.

నిఘంటువులోకి ఎక్కే ముందు ప్రతి మాట కార్డులూ సంపాదకవర్గ సభ్యుల ముందు పైకి చదవడం ఆనవాయితీ. మర్నాడు సభ్యుల్లో పెద్దవారైన ఆత్రేయగారు చదువుకుంటూ వచ్చి, నలభై ఒకటో కార్డు దగ్గర గొంతు తగ్గించారు. "నేను పెట్టే ముద్ద తింటూ నా పుస్తకానికే ఎసరు పెడతావా? అర్థం, పోషిస్తున్నానన్న ఎత్తిపొడుపు. మాట్లాడినవారు రత్నాకర్, తార్నాక. సేకరించినవారు అరుంధతి."

ఎవరూ తలెత్తలేదు. రత్నాకర్ ఏదో తమాషాకి రాసిందని చెప్పి కార్డు లాక్కున్నాడు. అందరూ వెళ్ళాక, మూల కూర్చున్న ఆమె వైపు తిరిగి పళ్ళు కొరికాడు. "చింపెయ్ దీన్ని. మన పరువేం కావాలి?"

"కావాలంటే మీ పేరు కొట్టేస్తాను" అంది అరుంధతి.

కోపం దిగినట్టుంది, కుర్చీలోంచి లేచాడు. "ఆ పని చెయ్. ఒంటిగంటయింది, ఇంటికెళ్ళి అమ్మకి అన్నం పెట్టు."

ఆమె కార్డుల బీరువాలో మొదటి సొరుగు బయటికి లాగి, మొదటి కార్డు తీసి, అడుగున ఉన్న రత్నాకర్ పేరు మీద గీత కొట్టి, పక్కన తన పేరు రాసింది. తర్వాత రెండో కార్డు తీసింది.

"మీరు వెళ్ళండి. నాకింకా పదకొండు వేల కార్డులున్నాయి."