పద్దెనిమిది కన్నాల బూటు

నేను ఒక బూటును. ఎడమ కాలి బూటును. నా జత పక్కనే ఉంది గానీ దానికి మాట్లాడటం ఇష్టం ఉండదు. కాబట్టి మా ఇద్దరి కథా నేనే చెప్పాలి. యూరప్‌లో పేరుమోసిన చర్చీలు పద్నాలుగు చూశాను. చూశానంటే గుమ్మం దాకానే. ఏ తలుపు మీద ఏ చెక్కడం ఉందో, ఏ మెట్టు ఎంత చల్లగా ఉంటుందో నన్నడగండి, చెబుతాను. లోపల ఏముందో మాత్రం నాకు తెలియదు.

పుట్టింది ఒంగోలులో, కోర్టు వెనక సందులో. అక్కడ రేకుల కప్పు కింద యోహాను చెప్పుల దుకాణం ఉంది. తోలు పనిచేసే చేతులను చూసి మొహం తిప్పుకునే పెద్దమనుషులు, ఆ చేతులు కుట్టినవాటిలోనే పాదాలు దూర్చి దర్జాగా వెళ్లిపోవడం ఆ దుకాణంలో రోజూ కనిపిస్తుంది. యోహాను వాళ్లను చూసి లోపల్లోపల నవ్వుకుంటాడే గానీ కుట్టులో తేడా రానివ్వడు.

ఆయన మేనకోడలు దీవెన. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతుండగా ఒక విద్యార్థి మార్పిడి పథకానికి ఎంపికైంది. ఏడాదిపాటు జర్మనీలో ఒక కుటుంబంతో ఉండి, అక్కడి బడికి వెళ్లాలి. ఆ కబురు తెలిశాక ఇంట్లో అందరూ పచ్చళ్ల గురించీ స్వెట్టర్ల గురించీ మాట్లాడుకుంటుంటే, యోహాను మాత్రం ఆ పిల్ల కాళ్లవైపు చూశాడు.

"షాపు బూట్లు నీకు పట్టవమ్మాయ్. నీది మీ అమ్మమ్మ కాలు. ముందు ఎడల్పు, ఎనక సన్నం. నేను కుడతాలే," అన్నాడు.

"నువ్వెప్పుడన్నా బూట్లు కుట్టావా మామా?"

"కుట్టలా. అయితే ఏంది? ఇప్పి చూస్తే అదే తెలుస్తది."

విప్పి చూడటానికి ఆయనకు దొరికింది, అడుగు మార్చమని ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ ఇచ్చివెళ్లిన బూట్ల జత. యోహాను దాన్ని కుట్టు కుట్టూ ఊడదీసి, ముక్కలన్నీ గోనెపట్టా మీద వరసగా పేర్చుకుని చూస్తుండగా ఆ కానిస్టేబుల్ రానే వచ్చాడు. పాపం, ఆయన ఆ రోజంతా హవాయి చెప్పులతోనే కూడలిలో నిలబడ్డాడు. నా పుట్టుకకు ఆయన చేసిన త్యాగం ఆయనకు ఇప్పటికీ తెలియదు.

పాత క్యాలెండరు కాగితం వెనక దీవెన పాదం గీసుకున్నాడు యోహాను. రెండు జతల మేజోళ్లకు చోటు వదిలాడు. అడుగున టైరు రబ్బరు, దానిపైన కంబళి ముక్క, ఆపైన తోలు. పాదం కదలకుండా ఉండాలని ఒక్కో బూటుకు పద్దెనిమిది కన్నాలు పొడిచాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. అన్ని కన్నాల్లోంచి తాడు లాగి బిగించి కట్టాలంటే, జతకు ఆరు నిమిషాలు పడుతుంది. అంత ప్రేమగా చేసిన పనికి వంక పెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు.

జర్మనీలో చలికాలమంతా నేను బాగానే పనిచేశాను. మంచులో నడిచాను, అది కరగడానికి ఉప్పు చల్లిన రోడ్ల మీద తెల్లటి మరకలు అంటించుకున్నాను. దీవెన భాష నేర్చుకుంది. రొట్టెముక్కతో పూట గడుపుకోవడం నేర్చుకుంది. వసంతం రాగానే ఆ ఏడాది వివిధ దేశాల నుంచి వచ్చిన విద్యార్థులందరినీ బస్సులో రెండు వారాల యాత్రకు తీసుకెళ్లారు. ప్రాగ్, వియన్నా, వెనిస్, ఫ్లోరెన్స్, బార్సిలోనా, చివరికి పారిస్. నలభై మంది పిల్లలు, ఒక డ్రైవరు, అందరి మీదా రెనాటె మేడమ్.

రెనాటె మేడమ్ రిటైరైన లెక్కల టీచరు. మనిషి మంచిదే గానీ గడియారం విషయంలో మాత్రం దయాదాక్షిణ్యాలు లేవు. ఆమె పద్ధతి ఒకటుంది. బయల్దేరే సమయానికి అందరికంటే చివర బస్సెక్కి, తలుపు పక్క సీట్లో కూర్చుంటుంది. ఆమె కూర్చున్నాక ఎక్కినవాళ్ల పేరు పక్కన ఆమె పుస్తకంలో ఒక గుర్తు పడుతుంది. మూడు గుర్తులు పడితే యాత్ర ముగిసినట్టే. రైలెక్కించి, వాళ్లుంటున్న కుటుంబం దగ్గరికి పంపేస్తుంది. అందరూ ఉత్తుత్తి బెదిరింపు అనుకున్నారు. వియన్నాలో ఒక అమ్మాయిని నిజంగానే పంపించేసరికి బస్సంతా గప్‌చిప్ అయిపోయింది.

ఇక మన పిల్ల సంగతి. ఒంగోల్లో వాళ్ల చర్చికి వెళ్లేవాళ్లు చెప్పులు వరండాలో విడిచి, లోపల చాపల మీద కూర్చుంటారు. పుట్టినప్పటి నుంచీ ఆమెకు అదే అలవాటు. ప్రాగ్‌లో మొదటి చర్చి గుమ్మం దగ్గర, ఏమీ ఆలోచించకుండానే వంగి మా తాళ్లు విప్పింది. మమ్మల్ని ఒక స్తంభం పక్కన చక్కగా జతచేసి పెట్టి, మేజోళ్లతో లోపలికి వెళ్లింది. కొంతమంది ఐస్‌క్రీములు చప్పరిస్తూ, కొంతమంది ఫోన్లో మాట్లాడుతూ మా పక్కనుంచి లోపలికి వెళ్లారు. ఒక చిన్నపిల్ల మమ్మల్ని చూపించి వాళ్లమ్మను ఏదో అడిగింది. వాళ్లమ్మ జవాబు చెప్పకుండా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది.

దీవెన బయటికి వచ్చి, మెట్టు మీద కూర్చుని, ముప్పై ఆరు కన్నాలూ బిగించి పరిగెత్తేసరికి రెనాటె మేడమ్ సీట్లో కూర్చుని ఉంది.

"ఎందుకు ఆలస్యమైంది?"

"బాత్రూం దగ్గర క్యూ ఉంది మేడమ్."

అదే ఆమె ఆడిన మొదటి అబద్ధం. వియన్నాలో రెండో గుర్తు పడ్డప్పుడూ అదే చెప్పింది. ఆ చర్చి దగ్గర మమ్మల్ని చూసి ఒక కాపలాదారు అనుమానంగా మూడుసార్లు చుట్టూ తిరిగి, చివరికి కర్రతో పొడిచి చూశాడు. మా వల్ల ఒకరు భయపడటం మాకదే మొదలు. దాంతో మా జత రోజంతా గర్వపడింది.

"నిజం చెప్పెయ్యొచ్చు కదా?" అని ఆ సాయంత్రం ఇత్సెల్ అడిగింది. ఇత్సెల్ మెక్సికో పిల్ల, బస్సులో దీవెన పక్క సీటు.

"ఏమని చెప్పాలి? ఇక్కడ ఎవరూ విప్పడం లేదుగా. నవ్వుతారు."

"అయితే నువ్వూ విప్పకు."

దీవెన నా తాడును వేలికి చుట్టుకుంటూ చాలాసేపు కూర్చుంది. ఇంకా ఎనిమిది రోజుల యాత్ర మిగిలి ఉంది. ఆమె పంపే ఫోటోలను యోహాను దుకాణానికి వచ్చేవాళ్లందరికీ చూపిస్తున్నాడు. యాత్ర మధ్యలోనే తిప్పి పంపారంటే ఆయనకు ఏమని చెప్పాలన్నదే ఆమె దిగులు. నాకైతే చెప్పలేనంత బాధ కలిగింది. తప్పు నా కన్నాలది, శిక్ష ఆ పిల్లకి.

మర్నాడు వెనిస్ దారిలో, కొండల మధ్య ఒక చిన్న ఊళ్లో బస్సు నలభై నిమిషాలు ఆగింది. మూడూ నలభైకి బయల్దేరాలి. ఊరి మధ్యన ఒక పాత చర్చి. ఈసారి దీవెన ముందుగానే లెక్కలు వేసుకుంది. లోపల పది నిమిషాలే ఉండాలి, మూడూ ఇరవైకల్లా బయటికి రావాలి. మమ్మల్ని గుమ్మం పక్కన పెట్టి వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే మంచు కలిసిన వాన మొదలైంది. ఆ చర్చి బాగోగులు చూసే ముసలాయన, అలోయిస్ అని ఆయన పేరు, జల్లు లోపలికి కొట్టకుండా తలుపు వెయ్యడానికి వచ్చి మమ్మల్ని చూశాడు. ఎవరో మరిచిపోయారనుకున్నాడో, తడిసిపోతున్నాయని జాలిపడ్డాడో, ఇద్దర్నీ తీసుకెళ్లి చర్చి వెనక తన గదిలో పొయ్యి దగ్గర పెట్టాడు. అంత మర్యాద మాకు ఎక్కడా జరగలేదు. కానీ నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. మేము ఇక్కడ వెచ్చగా ఉన్నామని ఆ పిల్లకెలా తెలుస్తుంది?

తెలియలేదు. బయట ఏం జరిగిందో తర్వాత ఆమె ఇత్సెల్‌కు చెబుతుంటే విన్నాను. గుమ్మం దగ్గర మేము లేకపోయేసరికి మేజోళ్లతోనే వానలో చర్చి చుట్టూ తిరిగిందట. ఎదురుగా పోస్టుకార్డులమ్మే ఆవిడను అడిగిందట. "ముందు బస్సెక్కు, బూట్లు పోతే పోయాయి," అని ఇత్సెల్ చెయ్యి పట్టుకు లాగితే విడిపించుకుందట. "మా మామయ్య కుట్టినవి. వాటిని ఒదిలేసి నేను రాను. నువ్వెళ్లు," అందట.

చివరికి దీవెన చర్చి వెనక అలోయిస్ గది తలుపు తట్టేసరికి మూడూ నలభై మూడు. లోపలికి వచ్చి మమ్మల్ని చూసి ఒక్కసారిగా నేల మీద కూలబడి, నన్ను ఒళ్లోకి తీసుకుని ఏడ్చేసింది. ముసలాయన కంగారుపడ్డాడు.

"ఇవి నీవా అమ్మా? ఎందుకు విప్పావు?"

"లోపలికి వెళ్లాను కదండీ."

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "ముప్పై ఏళ్ల నుంచి ఈ చర్చి ఊడుస్తున్నాను. అందరి బూట్ల మట్టీ నేనే ఎత్తాను," అన్నాడు మెల్లగా.

ఇంతలో గొడుగు మూస్తూ రెనాటె మేడమ్ వచ్చింది. ఇత్సెల్ చెప్పి ఉంటుంది. నీళ్లు కారుతున్న మేజోళ్లను చూసింది, నన్ను చూసింది, గడియారం చూసింది.

"రెండుసార్లూ బాత్రూం క్యూ అన్నావు."

"అబద్ధం చెప్పాను మేడమ్." దీవెన లేచి నిలబడింది. "మా చర్చిలో అందరం చెప్పులు బయటే విప్పుతాం. ఇక్కడ ఎవరూ విప్పరని తెలిశాక నేనూ వేసుకునే వెళ్దామనుకున్నాను. కానీ గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి కాళ్లు లోపలికి రావడం లేదు. మీకు చెబితే నవ్వుతారనుకున్నాను."

రెనాటె మేడమ్ నవ్వలేదు. "మూడోసారి ఆలస్యమైతే ఏమవుతుందో నీకు తెలుసు కదా?"

"తెలుసు. పంపించెయ్యండి మేడమ్. బూట్లు కట్టుకుని వస్తాను."

అలోయిస్ ఒక పొడి తువ్వాలూ తన మందపాటి మేజోళ్ల జతా తెచ్చి ఇచ్చాడు. దీవెన నన్ను తొడుక్కుని తాడు బిగించడం మొదలుపెట్టింది. రెనాటె మేడమ్ రెండు నిమిషాలు నిలబడి చూసింది. మూడో నిమిషంలో గొడుగు గోడకు ఆనించి, మోకాళ్ల మీద కూర్చుని కుడి బూటు అందుకుంది.

"ఇన్ని కన్నాలు ఎవరు పెట్టారు?"

"మా మామయ్యండీ. నా కాలు కదలకూడదని."

"ఈ మనిషికి గడియారమంటే ఏంటో ఎవరూ చెప్పలేదా?" అని గొణుక్కుంది గానీ, చివరి కన్నం దాకా ఎక్కడా వదులు కాకుండా కట్టింది. లెక్కల టీచరు కట్టు అలాగే ఉంటుంది.

బస్సు దగ్గరికి నడిచి వెళ్లేటప్పుడు దీవెన అడుగు బరువుగా పడటం నాకు తెలుస్తూనే ఉంది. బస్సు అద్దాలన్నిటికీ మొహాలు అంటుకుని ఉన్నాయి. తలుపు దగ్గర దీవెన పక్కకు తప్పుకుని మేడమ్‌కు దారిచ్చింది. మేడమ్ ఎక్కలేదు. గొడుగు దులిపింది. మడిచింది. మళ్లీ విప్పి దులిపింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి వెయ్యబోయి, ఆమె చూపు చూసి తీసేశాడు.

"నేను సీట్లో కూర్చున్నాక వచ్చినవాళ్లకే గుర్తు పడుతుంది," అంది ఆమె అందరికీ వినపడేలా. "నేనింకా కూర్చోలేదు. ఎక్కు."

దీవెన ఎక్కింది. ఆ మూడు మెట్లూ ఎలా ఎక్కానో నాకు గుర్తులేదు. వెనక సీట్లలోంచి ఎవరో ఈల వేశారు. ఇత్సెల్ ఏడుస్తూ చప్పట్లు కొట్టింది. అప్పుడు రెనాటె మేడమ్ ఎక్కి, తన సీట్లో కూర్చుని, పుస్తకం తెరిచి, ఏమీ రాయకుండానే మూసేసింది.

మిగిలిన రోజులన్నీ ఆమె మమ్మల్ని ఒంటరిగా వదల్లేదు. చర్చి రాగానే మెట్టు మీద మా పక్కన కూర్చునేది. దీవెన బయటికి రాగానే ఒక తాడు ఈమె, ఒక తాడు ఆమె. పారిస్ చేరేసరికి ఆరు నిమిషాల పని రెండున్నర నిమిషాలకు దిగింది.

యాత్ర అయింది, ఏడాదీ అయింది. ఒంగోలు వచ్చాక దీవెన మమ్మల్ని అడుగు మార్పించడానికి దుకాణానికి తెచ్చింది. అప్పటి నుంచి ఇక్కడే పైఅరలో ఉన్నాం. బూట్లు కుట్టమని ఎవరైనా వస్తే యోహాను మమ్మల్ని దించి నమూనాగా చూపిస్తాడు. నన్ను చేతుల్లోకి తీసుకున్న ప్రతివాడికీ ముందు యాత్ర కథ వినక తప్పదు. ఆయన చెప్పే కథలో ప్రతిసారీ మంచు ఇంకాస్త లోతవుతుంది.

మొన్న దీవెన ఫోన్ పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. రెనాటె మేడమ్ ఈ ఏడాది యాత్రకు వచ్చే కొత్త పిల్లలకోసం రాసిన నియమాల కాగితం పంపిందట. మూడు గుర్తుల నియమం అలాగే ఉంది, ఒక్క అక్షరం మారలేదు. కింద కొత్తగా ఒక వాక్యం చేర్చింది. దీవెన మామకోసం దాన్ని తెలుగులో చదివింది.

"చర్చి దగ్గరైనా, గుడి దగ్గరైనా, మసీదు దగ్గరైనా బూట్లు విప్పుకుని లోపలికి వెళ్లేవాళ్లకు మరో ఆరు నిమిషాలు. కారణం చెప్పక్కర్లేదు."

యోహాను తోలుకు కన్నాలు పొడిచే ఆరెను పక్కన పెట్టాడు.

"ఆ ఆఖరి ముక్క ఇంకోసారి చదువమ్మాయ్," అన్నాడు.

"కారణం చెప్పక్కర్లేదు, మామా."