చల్లబడిన నుదురు

గ్రాఫు ఆఖరు మాత్రం చూసి మాట్లాడేవాళ్లంటే జకర్యాకు ఒళ్లుమంట. ఆయన పనిచేసే ల్యాబ్‌లో విండ్ టన్నెల్ ఉంది. అందులో రాకెట్టు మూతిలాంటి చిన్న మోడల్ని బిగించి, దాని మీదికి భయంకరమైన వేగంతో గాలి వదులుతారు. పైభాగం ఎంత వేడెక్కిందో అతికించిన సెన్సర్లు చెబుతాయి. దాన్నిబట్టి లోపలికి వేడి ఎంత జోరుగా దిగుతోందో లెక్కకట్టడం జకర్యా పని.

కొత్తగా చేరిన ఇంజనీరు అబ్బాస్ ఆ రోజు సరిగ్గా అదే తప్పు చేశాడు. ఆఖర్న గీత కిందికి వంగింది కాబట్టి వేడి దిగడం ఆగిపోయిందన్నాడు.

"పైన చల్లబడ్డదని సంబురపడకు అబ్బాస్," అన్నాడు జకర్యా. "లోపటికి ఇంకా దిగుతనే ఉండొచ్చు. షురూ నుంచి చూడాలె. ప్రతి మార్పూ కలుపుకుంట రావాలె."

ఈ మాట చెప్పిన మనిషే పొద్దున భార్య ఆలిస్ నుదుటి మీద ఇలా చెయ్యి వేసి అలా తీసేశాడు. రోజుల తరబడి పెనంలా కాలిన నుదురు చల్లగా తగిలేసరికి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు. కడుపులో నొప్పిగా ఉందని ఆమె అంటే, జ్వరం దిగింది కదా, నీరసమన్నాడు. నేరేడ్‌మెట్ చౌరస్తాలో ఆఫీసు బస్సు ఎక్కువసేపు ఆగదు. ఆమె కూడా పొమ్మనే చెప్పింది, పాపం.

మధ్యాహ్నం పక్కింటి ప్రేమమణి ఫోన్ చేసింది. ఆలిస్ వంటింట్లో పడిపోయిందని, కాళ్లూ చేతులూ మంచుముద్దల్లా ఉన్నాయని చెప్పింది. జకర్యా ఆస్పత్రికి చేరేసరికే అంతా అయిపోయింది. డెంగీ అన్నాడు డాక్టరు. కొందరికి జ్వరం దిగాకే అసలు గండం మొదలవుతుందని మెల్లగా చెప్పాడు.

మర్నాడు ఇంటి ముందు షామియానా కింద, పెట్టె మూత వేసే ముందు, కడసారి చూసుకోమన్నాడు పాస్టరు దేవసహాయం. అందరూ తలా ఒక పువ్వు పెట్టి పక్కకు జరిగారు. జకర్యా ఆలిస్ నుదుటి మీద అరచెయ్యి ఆనించాడు. ఇక తియ్యలేదు. పాట అయిపోయింది. ప్రార్థన కూడా అయిపోయింది. మూత పట్టుకున్నవాళ్లు మొహాలు చూసుకున్నారు. చివరికి అబ్బాసే ముందుకొచ్చి ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"జెర ఉండనియ్ అబ్బాస్," అన్నాడు జకర్యా. "నిన్న సరిగ్గ చూడలే."