వేట మొదలయ్యే వారం

మొగుడి వేట బట్టలు విడిగా ఉతకాలి. వాసన లేని సబ్బే వాడాలి. ఇంట్లో ఆరేస్తే వంట వాసన పట్టేస్తుంది. పట్టిందంటే దుప్పి అర మైలు నుంచే పసిగట్టి పారిపోతుందట. గడువు దాటి వారం కావస్తున్న కడుపుతో క్రిస్టా ఆ నారింజ రంగు వేట కోటును నవంబరు చలిలో పెరటి తీగ మీద వేసింది. మొగుడు డెరెక్ కిటికీ తెరిచి చూశాడు. సాయం రావడానికి కాదు.

"జేబులు తిరగెయ్యి. లేకపోతే లోపల తడి ఉండిపోద్ది," అన్నాడు.

శనివారం వేట మొదలు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం ఉత్తరాన ఆ ఊళ్ళో ఆ రోజు ఎవరూ పెళ్ళి కూడా పెట్టుకోరు. నొప్పులు వాటంతట అవి రావడం లేదు గనక మందిచ్చి రప్పిద్దాం, ఈ బుధవారమైనా సరే, వచ్చే సోమవారమైనా సరే అంది డాక్టరు. క్రిస్టా నోరు తెరిచేలోగా డెరెక్ "బుధవారం" అన్నాడు. ఆమె పనిచేసే చీజ్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు కేలెండర్లో బుధవారం చుట్టూ గీత గీసి, "తేదీ ముందే తెలిస్తే ఎంత హాయి! మంగళవారం దాకా వస్తావుగా," అన్నాడు. వెళ్ళింది. ఎనిమిది గంటలు నిలబడి పెట్టెలు కట్టింది. అత్త జోయాన్ ఫోన్లో, "నా కాన్పప్పుడు మీ మామ అడవిలోనే ఉన్నాడమ్మాయ్. నేనేమన్నా అడిగానా? నీకేం, ఆసుపత్రి వాళ్ళే అన్నీ చేసిపెడతారు," అంది. అందరికీ ఆ రోజు కుదిరింది. కుదిరిందా అని క్రిస్టాను అడిగినవాళ్ళు లేరు.

బుధవారం నర్సు పౌలెట్ మంచం పక్కన కూర్చుని చెప్పింది. "తొలి కాన్పు. గర్భాశయం ముఖం ఇంకా గట్టిగా మూసుకునే ఉంది. ముందు అది మెత్తబడటానికి మందు. తర్వాత చిన్న బుడగ పెట్టి తెరిపిస్తాం. ఆ పైన సెలైన్‌తో నొప్పులు రప్పించే మందు. ఒక రోజు పట్టొచ్చు, రెండు పట్టొచ్చు. మూడో రోజు దాకా వెళ్ళినవాళ్ళనూ చూశాను. తొందరపడకు తల్లీ."

డెరెక్ 'ఒక రోజు' అన్న మాట ఒక్కటే విన్నాడు. "బ్యాటరీ దిగిన బండికి తీగలు తగిలిస్తే అంటుకున్నట్టే కదా," అని నవ్వాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి గర్భాశయం ముఖం తెరుచుకున్నది మూడు సెంటీమీటర్లే, పది కావాలి. బిడ్డ గుండె చప్పుడు వినే పట్టీ కడుపు మీద ఒరుసుకుంటోంది. డెరెక్ గడియారం చూసి, "ఆ మందు ఇంకాస్త పెంచరాదూ," అన్నాడు. అది రెండోసారి.

"బిడ్డను చూసి పెంచుతాం బాబూ. నీ వేటను చూసి కాదు," అంది పౌలెట్.

డాక్టరు వచ్చింది. "తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు. ఉమ్మనీటి సంచి చిట్లించి ముందుకు వెళ్ళొచ్చు. కానీ ఒకసారి చిట్లిస్తే ఇక ఆగలేం, ఆపరేషన్ దాకా పోయినా పోవచ్చు. లేదంటే మందు ఆపేసి, కాస్త తిని నిద్రపోతే, పొద్దున మళ్ళీ మొదలుపెడదాం."

"చిట్లించండి. కాదంటే ఇప్పుడే కోసి తీసేయండి. చీకటి పడేలోపు అయిపోద్ది," అన్నాడు డెరెక్.

కోసి తీసేయండి. క్రిస్టా ఆ మాటను లోపల మళ్ళీ అనుకుంది. కోత ఎవరి కడుపుకో అతను చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం అతనికి కనిపించలేదు. కడుపు కోయడం ఆమెకు తప్పు కాదు. బిడ్డకు అవసరమైతే ఈ క్షణమే కోయించుకుంటుంది. ఇది బిడ్డ కోసం కాదు, దుప్పి కోసం. నాలుగేళ్ళుగా అతని పనుల మధ్య ఖాళీల్లో ఆమె జబ్బుపడింది, ఆ ఖాళీల్లోనే ఏడ్చింది, ఒకసారి పంటి నొప్పిని కూడా అతని చేపలు పట్టే పోటీ అయ్యేదాకా ఓర్చుకుంది. రేపు బిడ్డకు జ్వరం వస్తుంది. అదీ ఇతని వీలు చూసుకునే రావాలి.

"డాక్టర్ గారూ, నేను తిని పడుకుంటాను. మందు ఆపండి," అంది.

"నీకు పిచ్చా? రేపు వేట మొదలు!"

"తెలుసు. వెళ్ళు."

అతని మొహం వెలిగింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. "నిజంగానా? ఏమీ అనుకోవుగా? నొప్పులు గట్టిపడగానే ఫోన్ చేయించు, రెండు గంటల్లో వాలిపోతా. బంగారానివి క్రిస్!" నుదుటి మీద ముద్దుపెట్టి వెళ్ళాడు. బండి తాళాలు అప్పటికే చేతిలో ఉన్నాయి.

పౌలెట్ మందు ఆపి, వేడి సూపు తెచ్చింది. క్రిస్టా సగం తాగి గ్రీన్ బేలో ఉన్న అక్క నంబరు చెప్పి రాయించింది. "మా అక్క వస్తే లోపలికి పంపండి. ఇక్కణ్ణుంచి నేనూ బిడ్డా వాళ్ళింటికే వెళ్తాం."

పౌలెట్ రాయడం ఆపి ఆమె వంక చూసింది. "మీ ఆయన ఫోన్ చేస్తే? నువ్వేం చెప్పమంటే అదే చెప్తాం. అది ఇక్కడి నియమం."

క్రిస్టా మిగిలిన సూపు తాగి గిన్నె పక్కన పెట్టింది.

"క్రిస్టా అనే పేరు గల మనిషి ఇక్కడ ఎవరూ లేరని చెప్పండి."