ఎర్రవల్లి కాడ చీకటి

ఫిబ్రవరిలో ఒక శనివారం పట్టపగలే సూర్యుడు పూర్తిగా మూతపడతాడని పేపర్లో చదివినప్పటి నుంచీ లూదియాకు కుదురు లేకుండా పోయింది. నంద్యాలలో ఒక మిషన్ ఆడపిల్లల హైస్కూల్లో ఆమె సైన్సు టీచరు. పేపర్లో వేసిన పటం కత్తిరించి తరగతి గోడకు అతికించింది. కర్ణాటక తట్టు నుంచి ఒక నల్లటి పట్టీ రాయచూరు, గద్వాల, నల్గొండ మీదుగా ఒరిస్సా దాకా పోయింది. ఆ పట్టీలో ఉన్నవాళ్లకే పూర్తి చీకటి. నంద్యాల దానికి దిగువన మిగిలిపోయింది. ఇక్కడ సూర్యుడు గోరుముక్కంత కనిపిస్తూనే ఉంటాడు.

"గోరుముక్కంతే ఉంటే దాదాపు చీకటే గదా టీచర్?" అని అడిగింది ఒక పిల్ల.

"కాదు. ఆ గోరుముక్క ఉన్నంతసేపూ అసలుది కనపడదు," అంది లూదియా.

సూర్యుడి చుట్టూ ఎప్పుడూ ఉండే తెల్లటి కాంతి గురించి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పింది. నూరేళ్లకు ముందు మన గుంటూరులోనే ఇట్లాంటి గ్రహణం చూస్తూ సూర్యుడిలో కొత్త వాయువు జాడ పట్టారని చెప్పింది. సూర్యుడు ఏటేటా కుదించుకుపోతున్నాడేమోనని అమెరికాలో ఎవరికో అనుమానం వచ్చిందని, అది తేల్చుకోవడానికి దేశదేశాల వాళ్లు దుర్భిణీలు మోసుకుని హైదరాబాదు పక్కకు వస్తున్నారని చెప్పింది. చెప్తూ చెప్తూ రెండు చాక్‌పీసులు విరగ్గొట్టింది.

ఊళ్లో ఎక్కడ విన్నా అదే మాట. పోయినేడు స్కైలాబ్ మీద పడి చస్తామని కోళ్లు కోసుకుని తిన్నవాళ్లే, ఇప్పుడు ఆ పొద్దు వాకిలి దాటకూడదని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

ఆదివారం లూదియా, ఆమె భర్త కరుణాకర్ ఆళ్లగడ్డకు పోయారు. కరుణాకర్‌కు నంద్యాలలో ఆయిల్ ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. తల్లి చిన్నప్పుడే పోతే అతన్నీ, చెల్లెలు కృపావతినీ తల్లికి అక్కయిన పెద్దమ్మే సాకింది. ఇప్పుడు కృపావతి ఏడో నెల కడుపుతో ఆమె దగ్గరే ఉంది.

ఆరాధన ముగిసి గుడి నుంచి వచ్చి అన్నాలకు కూర్చున్నప్పుడు పెద్దమ్మ అంది:

"శనివారం నువ్వు ఈడికి రా లూదియమ్మా. తలుపులు మూసుకొని లోపలుండాల. కృపమ్మకు తోడుగా ఉందువు."

"గ్రహణం పట్టింపులు మనకెందుకు పెద్దమ్మా?"

"కడుపుతో ఉన్నోళ్లకు మనమనీ, వాళ్లనీ లేదు. రా అంటే రా."

"నేను రాను. గద్వాలకు పోతాండా."

"యాడికీ?"

"గద్వాలకు. ఆడయితే పూర్తిగా కనపడుతాది."

సంగటి ముద్ద చేస్తున్న పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది. "చంద్రుడు చాలలేదా నీకు?" అంది.

కృపావతి "పెద్దమ్మా!" అని మాత్రం అనగలిగింది. కరుణాకర్ కంచంలోకి చూస్తూ ముద్ద మింగాడు. లూదియా అతని మొహంలోకే చూసింది. అతను తల ఎత్తలేదు.

రెండేళ్ల కిందట మార్చి నెలలో చంద్రగ్రహణం పట్టింది. అప్పుడు లూదియాకు మూడో నెల. పెళ్లయిన ఆరేళ్లకు నిలిచిన కడుపు. ఆ రాత్రి మిద్దె మీద నుంచి "రామ్మే, చంద్రుడు రాగి చెంబు మాదిరి అయినాడు" అని కేకేసింది కరుణాకరే. ఇద్దరూ గోడకు ఆనుకుని నవ్వుకుంటూ చూశారు. కొన్ని వారాలకు కడుపు పోయింది. ఆసుపత్రి వరండాలో అందరూ వింటుండగా పెద్దమ్మ, "గ్రహణం చూసింది, పోగొట్టుకునింది" అంది. పక్కనే ఉన్న కరుణాకర్ నోరు మెదపలేదు. ఆ మాట చుట్టాలందరి నోళ్లలో తిరిగింది. గ్రహణానికీ దానికీ సంబంధం లేదని సైన్సు టీచరుకు తెలియక కాదు. తెలిసినా, నిద్ర పట్టని వేళ ఆ ఎర్రటి చంద్రుడు కళ్లముందుకు వచ్చేవాడు.

తిరుగు దారిలో రాజ్‌దూత్ బండి వెనక ఆమె ఎడంగా కూర్చుంది. శిరివెళ్ల దాటాక అడిగింది, "నోట్లో ముద్ద అడ్డం పడిందా నీకు?"

"పెద్దామె. ఏమనేది?"

"నన్ను అంటాంటే ఇనేదానికి మాత్రం బాగుంటాది."

అతను బండి కొంచెం గట్టిగా పోనిచ్చాడు. ఇంటి దగ్గర దిగాక, "ఆ పొద్దు బస్సులు తిరగవు. పోవద్దులే," అన్నాడు.

"నిన్నడగలేదు," అంది లూదియా.

వారమంతా ఆ ఇంట్లో ఇద్దరూ ఒకరి పక్క నుంచి ఒకరు తప్పుకుని తిరిగారు. లూదియా ఆసుపత్రిలో పాత ఎక్స్‌రే ఫిలిములు అడిగి తెచ్చి, ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి కుట్టింది. ఎండలోకి పోయి చూడడం, చాలదనిపించి ఇంకొక పొర కలపడం, మళ్లీ పోయి చూడడం. తోడు వస్తానన్న టీచరు గురువారం నాడు వాళ్లత్త ఒప్పుకోలేదని చెప్పింది. శుక్రవారం కరుణాకర్ ఇంటికి బాగా ఆలస్యంగా వచ్చాడు. ఎక్కడికి పోయావని ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు.

శనివారం పొద్దున్నే ఆమె కర్నూలు బస్సెక్కింది. శివరాత్రి తిరునాళ్లకు మహానందికి వచ్చినవాళ్లు గ్రహణం వేళకు ఇల్లు చేరాలని ఆ బస్సునిండా ఇరుక్కుని ఉన్నారు. కర్నూలులో దిగేసరికి మాత్రం బస్టాండు బోసిగా ఉంది. గద్వాల బస్సు కోసం ఆమె ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగింది. కూర్చుంటుంది, లేస్తుంది, విచారణ కిటికీ దగ్గరికి పోతుంది.

"సాయంత్రం దాకా లేదమ్మా," అన్నాడు కిటికీలో మనిషి మూడోసారి.

చివరికి హైదరాబాదు పోయే బస్సొకటి కదులుతుంటే ఎక్కేసింది. ఆ దారిలో ఎర్రవల్లి దగ్గర దిగితే చాలు, అది పట్టీ లోపలిదే. కానీ తుంగభద్ర దాటి అలంపురం అడ్డరోడ్డు చేరగానే డ్రైవరు బండిని వేపచెట్టు కింద పెట్టి తాళం తీసేశాడు.

"గ్రహణం విడిచిందాకా కదలదు."

"ఇంకా పట్టనే లేదు గదప్పా! ఎర్రవల్లి దాకా పోనీ, పుణ్యముంటాది."

"నాకు పిల్లలున్నారమ్మా," అన్నాడు అతను, కోపం లేకుండానే.

ఆమె తరగతి గోడ నుంచి ఊడదీసి తెచ్చుకున్న పటం సంచిలోంచి తీసింది. అడ్డరోడ్డు పట్టీ అంచుకు బయట ఉందో, లోపల ఉందో ఎంత చూసినా తేలలేదు. ఇంత దూరం వచ్చి మళ్లీ గోరుముక్క చూసి పోవాలా? సంచి భుజాన వేసుకుని ఉత్తరం దిక్కుగా నడవడం మొదలుపెట్టింది. రోడ్డు మీద నరపురుగు లేదు. లారీలు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. చెప్పులో మడమ ఒరుసుకుపోయి మండుతోంది. నడిచి చేరలేనని తెలుసు. కానీ ఆగితే ఏడుపొస్తుందని నడిచింది.

వెనకనుంచి రాజ్‌దూత్ చప్పుడు వినపడినప్పుడు ఆమె తిరిగి చూడలేదు. ఆ ఇంజను దగ్గు ఆమెకు తెలుసు.

"ఎక్కు," అన్నాడు కరుణాకర్ పక్కన ఆపి. మొహమంతా దుమ్ము. "కర్నూల్లో అడిగితే హైదరాబాదు బస్సెక్కినావన్న్యారు."

"ఎందుకొచ్చినావ్?"

"ఎక్కుమే, ముందు. టైము పోతాంది."

ఆమె ఎక్కింది. కాసేపటికి ఎండ రంగు మారడం మొదలైంది. మబ్బు పట్టినట్టు కాదు, సాయంత్రం అయినట్టూ కాదు. దీపం వత్తి తగ్గించినట్టు వెలుతురు సన్నగిల్లింది. లూదియా వెనక్కి, పైకి, పక్కలకు తిరిగి చూస్తుంటే బండి ఊగింది.

"కదలాకు, పడతాం!"

"తొందరగా పోనీ, తొందరగా!"

ఎర్రవల్లి ఇంకా కొంచెం దూరం ఉందనగా ఆమె అతని వీపు మీద కొట్టి ఆపించింది. రోడ్డు పక్కన కోసిన జొన్నచేను, చేనుగట్టున ఒక గుడిసె. గుడిసె తలుపు సందులోంచి ఒక ముసలామె కేకలేసింది.

"లోపలికి రాండి! కండ్లు పోతాయి, లోపలికి రాండి!"

"ఏం గాదులే అవ్వా!" అని అరిచి లూదియా చేనులోకి పరిగెత్తింది. ఫిలిము కళ్లకు అడ్డం పెట్టుకుని చూసింది. సూర్యుడు కొడవలి మాదిరి ఉన్నాడు. చూస్తుండగానే కొడవలి సన్నబడింది. చల్లటి గాలి వీచింది. మేతకు పోయిన మేకలు వాటంతట అవే గుడిసె వైపు పరిగెత్తుకొచ్చి తలుపు మీద పడ్డాయి. పడమటి దిక్కు నుంచి చేలమీదుగా నీడ వచ్చింది. మనిషి పరుగు కాదు, గుర్రం పరుగు కాదు, దేని పరుగూ కాదు అది. ఆమె "ప్రభువా" అనేలోగా వాళ్లను కప్పేసింది.

చీకటి.

లూదియా ఫిలిము తీసేసింది. సూర్యుడు ఉండాల్సిన చోట నల్లటి గుండ్రం. దాని చుట్టూ తెల్లటి కాంతి, అన్ని పక్కలకూ వెంట్రుకల్లా చాచుకుని, కదలకుండా ఉంది. కింద ఒకచోట ఎర్రటి చుక్క. పక్కన పట్టపగటి నక్షత్రాలు. నేల చుట్టూ అన్ని దిక్కులా ఒకేసారి తెల్లవారుతున్నట్టు పసుపు వెలుగు. మేకలు అరవడం మానేశాయి.

బిడ్డ గుర్తొస్తుందని, ఏడుస్తానని ఆమె అనుకుని వచ్చింది. ఆ కాసేపూ ఏదీ గుర్తుకు రాలేదు. తన పేరు కూడా. నోరు తెరుచుకుని చూసింది, అంతే. ఒక అంచున నిప్పురవ్వ మెరిసి వెలుతురు తిరిగి పారేసరికి, అప్పుడే అయిపోయిందా అని ఆమెకు కోపం వచ్చింది. మేకలు మళ్లీ అరిచాయి. పక్కన కరుణాకర్ నేలమీద కూలబడి ఉన్నాడు.

గ్రహణం పూర్తిగా విడిచాక గుడిసెలో ముసలామె బయటికి వచ్చింది. ఆమె పేరు సుంకమ్మ. తాగడానికి నీళ్లడిగితే ముందు ఇద్దరి నెత్తినా చెంబెడు చెంబెడు కుమ్మరించి, ఆ తర్వాతే తాగనిచ్చింది. ఇద్దరూ తడిబట్టలతో గట్టుమీద కూర్చున్నారు. అప్పుడు చెప్పాడు కరుణాకర్.

"నిన్న ఆళ్లగడ్డకు పోయొచ్చినా. పెద్దమ్మకు చెప్పినా. ఆ పొద్దు నిన్ను మిద్దెమీదికి పిలిచింది నేనేనని."

లూదియా జుట్టు పిండుకుంటూ ఆగింది. "ఏమన్నింది?"

"తెలుసన్నింది. కంటి ఆపరేషన్‌కు వచ్చి అప్పుడు మనింట్లోనే ఉండె గదా. మనం పైన నగుతాంటే కింద మంచం మీద ఇంటానే ఉండ్యనంట."

"తెలిసీ నన్నన్నిందా?"

అతను తల ఊపాడు.

ఊరట కలుగుతుందని అతను అనుకున్నట్టున్నాడు. లూదియాకు ఒళ్లు మండిపోయింది. "ఆమె తెలిసీ అన్నింది. నువ్వు తెలిసీ ఇన్నావు. మీ ఇద్దరి మధ్యలో రెండేండ్లు నేను!" అని లేచి చేనంతా అటూ ఇటూ తిరిగింది. కోసిన జొన్న మోళ్లు కాళ్లకు గీరుకుంటున్నా చూసుకోలేదు.

"నిన్న చెప్పినావు సరే. ఆ పొద్దు చెప్పింటే?"

"భయపడినా. నావల్లనే పోయిందేమోనని లోపల్లోపల నేనూ నమ్మినా," అన్నాడు కరుణాకర్. ఇంజన్లు విప్పి బిగించే మనిషి, దేనికీ భయపడని మనిషి, ఆ మాట చెప్పడానికి తల దించుకుని గట్టుమీద మట్టి గోకాడు. లూదియా తిరగడం ఆపింది. పక్కన కూర్చోలేదు గానీ, కొంచెంసేపటికి, "లే, పొద్దు పోకముందే కర్నూలు దాటాల," అంది.

మరుసటి రోజు ఆదివారం. గుడి అయ్యాక ఆళ్లగడ్డ ఇంట్లో ఆమె చెప్పులు విడవకుండానే పెద్దమ్మ ముందు నిలబడింది.

"నీకు తెలుసంట గదా."

పెద్దమ్మ చేటలో శనగలు చెరుగుతోంది. "తెలుసు."

"మరి నన్నెందుకు అన్నావు?"

"వాన్ని ఏమని అందును? నా చేతుల్లో పెరిగినోడు. నువ్వు బయటి నుంచి వచ్చిన పిల్లవి. మాట పడుతావనుకున్న్యా."

"పడినా. ఇంగ పడను. నా బిడ్డ మాట ఇంగ నీ నోట రాకూడదు."

పెద్దమ్మ చేట కింద పెట్టింది. క్షమించమని అనలేదు. అనే మనిషి కాదు. ఆపరేషనైన కన్ను కొంగుతో ఒత్తుకుని, "రాదులే," అని మాత్రం అంది. లూదియా చెప్పులు విడిచి లోపలికి పోయింది.

"వదినా, చెప్పు! ఎట్లుండె?" అని కృపావతి చెయ్యి పట్టి లాగింది. నిన్నంతా చీకటి గదిలో ఉక్కపోతతో చచ్చానంది.

లూదియా మొదట నిదానంగానే మొదలుపెట్టింది. కొడవలి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయింది. గుసగుసలాడినట్టు చెప్తుంటే వంటింట్లోంచి పెద్దమ్మ కేకేసింది.

"గట్టిగా చెప్పు పాపా, నాకు ఇనపడల్యా!"

ఏప్రిల్‌లో కృపావతికి ఆడపిల్ల పుట్టింది. బాప్తీస్మం నాడు గుడి బయట, పిల్లను ముందు ఎవరు ఎత్తుకోవాలన్న మాట వచ్చింది. పిల్లల్లేని ఆమె చేతికి ముందు ఇవ్వకూడదని చుట్టాల్లో ఒకామె గొణిగింది. పెద్దమ్మ ఆమె వైపు తిరిగి, "నోరు మూసుకో," అంది. పిల్లను తీసుకొచ్చి లూదియా చేతుల్లో పెట్టింది. పిల్ల కాళ్లతో తన్ని, కొత్త చీర తడిపి, గుడి దద్దరిల్లేటట్టు ఏడ్చింది. లూదియా భుజాన వేసుకుని, ఎండ తగలకుండా కొంగు కప్పి, ఏడుపు ఆగేదాకా ఆవరణలో తిరుగుతూనే ఉంది.